రాత్రి ఏడు దాటాకే పని

*మన పిల్లల్లో చాలామంది తొలి సంపాదన అందుకుంటున్నది పెళ్లి బంతుల మధ్య, లేదంటే తెల్లవారకముందు పేపర్ కట్టల దగ్గర. పద్దెనిమిది నిండనివాళ్లతో పని చేయించరాదని చట్టం చెప్పిన వేళలు సరిగ్గా అవే.*

నాగోలు దాటాక రింగ్ రోడ్డుకు వెళ్లే దారిలో ఒక ఫంక్షన్ హాలు. రాత్రి తొమ్మిదిన్నర. మూడో బంతి లేచింది. టేబుళ్ల మీది పేపరు చుట్టి లాగేసి కొత్తది పరుస్తున్నారు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, తలకు వలటోపీ, చేతులకు పల్చటి గ్లౌజులు వేసుకున్న కుర్రాళ్లు విస్తళ్లు వేస్తూ, నీళ్ల సీసాలు పెడుతూ వరసల మధ్య పరుగులు తీస్తున్నారు. పప్పు బకెట్ పట్టుకున్న కుర్రాడొకడు రెండో వరస మొదట్లోనే ఆగిపోయాడు. పక్కవాడి చెవి దగ్గరకు వంగి, "అరేయ్, ఈ లైను నువ్వు జూస్కోరా. మా మామ గూసున్నడు" అన్నాడు. పక్కవాడి రెండు చేతుల్లో రెండు బకెట్లున్నాయి. వెనక నుంచి సూపర్‌వైజర్ కేక: "ఆగకురా, పోనియ్ పోనియ్!"

కుర్రాడు టోపీని కనుబొమల దాకా లాక్కున్నాడు. ఒక్కో విస్తరి దగ్గర గరిటె వంచుతూ మేనమామ ముందుకు వచ్చాడు. ఆయన పక్కాయనతో ప్లాట్ల రేట్ల గురించి మాట్లాడుతూనే చెయ్యి అడ్డం పెట్టి "చాలు బాబూ" అన్నాడు. తల ఎత్తలేదు. కుర్రాడు తర్వాతి విస్తరికి వెళ్లిపోయాడు.

బంతి నడుమ దొరికిన కాస్త విరామంలో, వంటల షెడ్డు వెనక నీళ్లు తాగుతున్న ఆ కుర్రాడిని పలకరించాను. మామ చూస్తే ఏమవుతుందట? "అమ్మకు ఫోన్ జేస్తడు సార్. మేము సాదుతలేమా, గీ పనెందుకురా అని అమ్మ ఏడుస్తది" అన్నాడు. వాడికి పదహారు నిండాయి. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాడు. ఇంట్లో మాత్రం దోస్తుతో కలిసి చదువుకుంటున్నానని చెప్పి వచ్చాడు.

తప్పు పని చేసినవాడిలా వాడు ముఖం దాచుకోవాల్సి రావడమే నన్ను ఈ కథనం వైపు నడిపించింది.

మూఢం లెక్కలు తెలిసిన పిల్లలు

ఏటా మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోతాయి. తర్వాత వచ్చే ముహూర్తాలకు హాళ్లు నిండిపోతాయి. సెలవులూ పెళ్లిళ్లూ కలిసొచ్చే ఈ రోజుల్లోనే వేలమంది పిల్లల చేతికి తొలి కూలి అందుతుంది. ఫోన్ తెరిస్తే తొలి జీతంతో అమ్మకు చీర కొన్న రీల్, నాన్నకు చెప్పులు కొన్న రీల్ వరసగా వస్తున్నాయి. వాటి కింద వ్యాఖ్యల్లో సగం మంది చప్పట్లు కొడుతుంటే మిగతా సగం "ముందు చదువుకో తమ్ముడూ" అంటున్నారు. ఆ వాదన ఇళ్లలోకీ వచ్చింది.

ఈ పనులకు ప్రకటనలుండవు. ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. "రేపు ఇరవై మంది, వైట్ అండ్ బ్లాక్, షూ తప్పనిసరి, ఐదింటికి పాయింట్ దగ్గర ఉండాలి" అని సందేశం వస్తుంది. ముందు పేరు పెట్టినవాళ్లకే పని. పాయింట్ అంటే మెట్రో స్టేషన్ కిందో, చౌరస్తాలో టీ కొట్టు దగ్గరో ఒక చోటు. అక్కడి నుంచి డీసీఎం వ్యానులో ఎక్కించుకుపోతారు. కూలి ఊరిని బట్టి, హాలును బట్టి పూటకు నాలుగైదు వందలు, ఒక్కోసారి ఆ పైన. రాత్రి భోజనం అక్కడే, అదీ అతిథులంతా లేచాక.

ఈ పిల్లలకు పంచాంగం బాగా తెలుసు. శుక్ర మూఢం ఎప్పుడు మొదలవుతుందో, గురు మూఢం ఎప్పుడు వదులుతుందో, ఆషాఢంలో ఎన్ని వారాలు చేతులు ముడుచుకు కూర్చోవాలో తడుముకోకుండా చెబుతారు. మూఢంలో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేకపోతే పని లేదు. శ్రావణం రాగానే గ్రూపు మళ్లీ మోగుతుంది. పదహారేళ్లకే రాబడి, ఖాళీ రోజులు అన్న లెక్క వాళ్ల ఒంటికి పట్టేసింది.

పెళ్లిళ్లొక్కటే కాదు. స్టేజీ డెకరేషన్‌లో పూలదండలు కట్టేవాళ్లు, దసరా సంక్రాంతి సీజన్‌లో బట్టల షాపుల్లో చీరలు మడతపెట్టేవాళ్లు, సూపర్ మార్కెట్‌లో సామాన్లు సర్దేవాళ్లు, మొబైల్ షాపులో టెంపర్డ్ గ్లాసు అతికించేవాళ్లు, అపార్ట్‌మెంట్‌లో మూడో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పేవాళ్లు కనిపిస్తారు. పల్లెల్లో ఈ పనుల రూపం వేరు. గుంటూరు, ఖమ్మం వైపు మిరప కోతలుంటాయి. ఏజెన్సీ ఊళ్లలో ఎండాకాలం తునికాకు కోసి కట్టలు కడతారు. తెలంగాణ పత్తి చేలలో దసరా సెలవులకు ఏరుడు మొదలవుతుంది. నిజామాబాద్, జగిత్యాల ఇళ్లల్లో ఎందరో ఆడపిల్లల తొలి సంపాదన తల్లి పక్కన కూర్చుని చుట్టిన బీడీల మీదే వచ్చింది.

ఆ డబ్బు ఎటు పోతోంది?

పిల్లల చేతికి డబ్బొస్తే చెడిపోతారన్నది పెద్దల భయం. అడిగి చూస్తే వాళ్లు చెప్పే ఖర్చులు వేరుగా ఉంటాయి. పగిలిన ఫోన్‌కు కొత్త డిస్‌ప్లే, సప్లిమెంటరీ పరీక్ష ఫీజు, బస్ పాస్, చెల్లెలి టెన్త్ గైడు, నాన్న బండి కిస్తీకి తక్కువపడ్డ వెయ్యి. ఇయర్ బడ్స్ కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. కొనుక్కుంటే తప్పేమీ లేదు. ఇంట్లో అడిగితే నాలుగు మాటలు పడాల్సిన వస్తువు, ఎవరినీ అడక్కుండా తెచ్చుకోవడంలో ఆ వయసుకు ఎంతో గౌరవం ఉంది.

వనస్థలిపురంలో ఇంటర్ చదివే ఒకమ్మాయి అపార్ట్‌మెంట్‌లో నలుగురు పిల్లలకు లెక్కలు చెబుతుంది. తొలి నెల డబ్బు అందినప్పుడు అందులోంచి ఒక నోటు తీసి దేవుడి పటం ముందు పెట్టింది. మిగతాది అమ్మ చేతికిచ్చింది. తల్లి రెండు ఇళ్లలో వంట చేస్తుంది. ఆమె ఆ డబ్బు తీసుకోలేదు, తిరిగి కూతురి చేతిలోనే పెట్టి "నీ దగ్గరే ఉంచుకోవే, అడిగితే ఇద్దువు" అంది. కాలేజీ ఫీజు ఆఖరి వాయిదా ఆ డబ్బుతోనే కట్టారు. ఆ రసీదును ఆ అమ్మాయి సర్టిఫికెట్ల ఫైల్లో దాచుకుంది. తన సంపాదనకు ఉన్న కాగితం అదొక్కటే. నెలనెలా ఇంత ఇస్తామని ఎవరూ ఆమెకు రాసివ్వలేదు. సెలవుల నెలలో పిల్లలు ఊరికెళ్తే డబ్బూ ఇవ్వలేదు.

ఇలాంటి వివరాలు వింటున్నప్పుడు నాకు ఒకటి స్పష్టంగా అనిపించింది. పిల్లలు ఈ పనుల్లోకి వస్తున్నది చదువు మీద విసుగుతో కాదు. చాలామంది చదువును నిలబెట్టుకోవడానికే వస్తున్నారు.

రెండు గడియారాల మధ్య

అసలు చిక్కు ఇక్కడుంది. పద్నాలుగు నిండిన పిల్లవాడు పని చేయడాన్ని మన చట్టం పూర్తిగా నిషేధించలేదు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ఇంటి పనిలో, కుటుంబం నడుపుకునే ప్రమాదం లేని పనిలో బడి వేళలు అయ్యాక, సెలవుల్లో సాయపడవచ్చు. సినిమాలు, టీవీల్లో నటించే పిల్లలకు వేరే నియమాలున్నాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది లోపువాళ్లను మాత్రం ఆ సవరణ 'కౌమారులు' అని విడిగా లెక్కించింది. గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర రసాయన ప్రక్రియల్లాంటివి తప్ప మిగతా పనులు వాళ్లు చేయవచ్చు. అయితే వేళలకు గట్టి హద్దులు గీసింది. వాటిలో అతి ముఖ్యమైనది: రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది వరకు వాళ్లతో పని చేయించకూడదు.

ఇప్పుడు ఇంటర్ చదివే కుర్రాడి రోజును చూడండి. ఉదయం ఎనిమిదికి ఇంట్లోంచి బయల్దేరితే సాయంత్రం ఐదు దాకా కాలేజీ. ప్రైవేటు కాలేజీ అయితే స్టడీ అవర్లతో కలిపి ఇంకా పొద్దుపోతుంది. చట్టం పని చేయవచ్చన్న పగలంతా చదువుదే. పనికి మిగిలేది రాత్రి, లేదంటే తెల్లవారుజాము. పేపర్ కట్టలు విప్పేది తెల్లవారకముందు. రిసెప్షన్ మొదలయ్యేది రాత్రి ఏడున్నరకు. పని దొరికే ఆ రెండు వేళలూ చట్టం వద్దన్నవే.

దీని ఫలితం కూడా మాట్లాడుకోవాలి. చట్టవిరుద్ధమైన వేళలో పని చేసే పిల్లవాడికి ఎక్కడా పేరు ఉండదు. రిజిస్టర్‌లో రాయరు, చీటీ ఇవ్వరు. సాంబారు ఒలికి కాలు కాలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో తేలదు. పనికి పిలిచిన మేస్త్రీ వారం కూలి ఎగ్గొట్టి ఫోన్ ఎత్తకపోతే ఫిర్యాదు చేయడానికి వెళ్లలేడు. తాను చేసిందే తప్పేమో అన్న భయం వాడిని ఆపేస్తుంది. నిజానికి చట్టం నిలదీసేది పెట్టుకున్నవాళ్లను. పని చేసిన పిల్లవాడి తప్పేమీ లేదు. ఈ ఒక్క మాటైనా ప్రతి జూనియర్ కాలేజీలో చెప్పాలి.

> చట్టంలో ఉన్నది ఇదీ
>
> పద్నాలుగు నుంచి పద్దెనిమిది లోపువారితో వరసగా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. ఆ తర్వాత కనీసం గంట విరామం ఇవ్వాలి. విరామం, పని కోసం ఎదురుచూసే సమయం అన్నీ కలిపినా రోజుకు ఆరు గంటలు దాటకూడదు. ఓవర్‌టైమ్ లేదు. ఒకే రోజు రెండు చోట్ల పని చేయించకూడదు. వారానికి ఒక రోజు పూర్తి సెలవు. పెట్టుకున్న యజమాని పిల్లల పేరు, పుట్టిన తేదీ, పని వేళలు రాసిన రిజిస్టర్ ఉంచాలి. పద్నాలుగేళ్లలోపు వారిని పెట్టుకున్నా, కౌమారులను ప్రమాదకరమైన పనిలో పెట్టినా ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

"నీకేం తక్కువ చేశాం?"

ఉద్యోగస్తుల ఇంట్లో పిల్లవాడు సెలవుల్లో పని చేస్తానంటే మొదట వినపడే మాట ఇది. నలుగురూ ఏమనుకుంటారన్న బెంగ అందులో ఉంది. ఎంసెట్ ర్యాంకు పోతుందన్న భయం కూడా ఉంది. ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఇంకా ఎంసెట్ అనే అంటున్నారు. కొడుకు ఏసీ గదిలో కోచింగ్‌కు వెళ్తుంటే చెప్పుకోవడానికి బాగుంటుంది. అదే కొడుకు బట్టల షాపులో బిల్లు కౌంటర్ దగ్గర నిలబడితే బంధువులకు ఎలా చెప్పాలో తెలియదు. ఇంతవరకు ఒక్క రోజు కూడా ఇంకొకరి దగ్గర పని చేయని పిల్లవాడు ఇరవై రెండేళ్లకు క్యాంపస్ ఇంటర్వ్యూలో కూర్చుంటాడు. పై అధికారి కోపంగా మాట్లాడితే ఏం చేయాలో, పది మందితో కలిసి ఒక పని ఎలా ముగించాలో వాడికి అప్పటిదాకా ఎవరూ చూపలేదు.

కష్టజీవుల ఇంట్లో మాట వేరు, బాధ ఇంకా లోతు. ఆటో నడిపే తండ్రికి కొడుకు సంపాదన అక్కరకొస్తుంది. అయినా వద్దనే అంటాడు. తన బతుకు కొడుక్కు రాకూడదనే రాత్రింబగళ్లు బండి తిప్పుతున్నాడు. కొడుకు బకెట్ పట్టుకున్నాడంటే తాను ఓడిపోయినట్టు ఆయనకు తోస్తుంది. నాగోలు కుర్రాడి తల్లి ఏడుపులో ఉన్నదీ అదే అనుకుంటాను. ఆ దుఃఖాన్ని తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు.

ఆడపిల్లల విషయానికొస్తే ఇల్లు దాటడమే మొదటి పని. అబ్బాయికి రాత్రి పదకొండైనా ఏదో ఒక సాకు నడుస్తుంది. అమ్మాయికి పొద్దు గూకకముందే గుమ్మంలో ఉండాలి. అందుకే ట్యూషన్లు, మెహందీ, మగ్గం పని, ఇంటి పక్క బ్యూటీ పార్లర్, పగటిపూట చీరల షాపు. షాపుల్లో మరో బాధ ఉంది. పండగ సీజన్‌లో పొద్దుటి నుంచి నిలబడే ఉండాలి, కూర్చోవడానికి స్టూలు ఇవ్వరు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పని చేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని చట్టాలు సవరించాయి. సేల్స్ కౌంటర్ల వెనక నిలబడ్డ ఆడవాళ్ల పోరాటం వల్ల వచ్చిన మార్పు అది. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, హైదరాబాద్ అమీర్‌పేటలోనో చీర కొనేటప్పుడు ఎదురుగా నిలబడ్డ అమ్మాయి ఎన్ని గంటల నుంచి నిలబడి ఉందో అడిగి చూడండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఇంట్లో గిన్నెలు తోమి, తమ్ముడికి అన్నం పెట్టి, నీళ్లు పట్టి, ఆ తర్వాత పుస్తకం తెరిచే పదిహేనేళ్ల పిల్ల చాలాకాలంగా పార్ట్ టైమ్ చేస్తూనే ఉంది. దానికి కూలీ లేదు, సెలవూ లేదు, ఎవరూ పని అని కూడా అనరు.

వారాల పిల్లల నుంచి..

చదువుకుంటూ పొట్ట పోసుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. పేద విద్యార్థి వారానికి ఏడిళ్లు మాట్లాడుకుని రోజుకొక ఇంట్లో భోజనం చేసి చదువుకునేవాడు. దాన్నే వారాలు చేసుకోవడం అనేవారు. అన్నం దొరికేది కానీ దానితో పాటు మొహమాటం, ఒక్కోసారి ఛీత్కారం కూడా ఆ విస్తట్లోనే పడేవి. టంగుటూరి ప్రకాశం పంతులు చిన్నతనంలో తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను చదివించారు. ఆ కాలంలో ఊళ్లోని అన్నదాతల దయ, తల్లి రెక్కల కష్టం పిల్లవాడి చదువును మోసేవి. పిల్లవాడు స్వయంగా కూలి తీసుకుని చదువుకోవడానికి గౌరవమైన దారి అప్పుడూ తక్కువే.

దారి తక్కువగా ఉండటానికి మరో బలమైన కారణం ఉంది. పనిలోకి వెళ్లిన పిల్లలు బడికి తిరిగి రాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం కూడా దేశంలో అయిదు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్లో కోటి మందికి పైగా పనిలో ఉన్నారు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి.ఫౌండేషన్ తొంభైల నుంచి చేసిన పనికి పునాది ఇదే. జీతం ఉన్న పిల్లలను యజమానుల దగ్గర నుంచి విడిపించి, శిబిరాల్లో అక్షరాలు నేర్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. బడికి వెళ్లని ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడే అన్నది వారి వాదన. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. పశువుల కాపరులుగా జీతమున్న పిల్లలు ఈరోజు టీచర్లుగా ఉన్నారంటే ఆ పోరాటం పుణ్యమే.

అందుకే పిల్లల పని గురించి రాసే ఎవరైనా ఆ గీతను చెరపకూడదు. పని కోసం చదువు మానడం వేరు, చదువుతూ కొన్ని గంటలు పని చేయడం వేరు. మొదటిది ఆపాల్సిందే. రెండోదానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందంలో చోటుంది. ఆరోగ్యానికీ బడికీ అడ్డురాని తేలికపాటి పనులను అది వేరుగా గుర్తిస్తుంది. భారత్ ఆ ఒప్పందాన్ని 2017లో ఆమోదించింది. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లకే ఆగిపోతుంది కాబట్టి, ఆ తర్వాతి నాలుగేళ్లే మనం జాగ్రత్తగా చూసుకోవాల్సిన కాలం.

> రామేశ్వరంలో పేపర్ కట్టలు
>
> అబ్దుల్ కలాం తొలి సంపాదన కూడా పేపర్ల మీదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రామేశ్వరం స్టేషన్‌లో రైలు ఆగడం మానేసింది. పేపర్ కట్టలను నడుస్తున్న రైల్లోంచి ధనుష్కోడి మార్గంలో విసిరేసేవారు. ఊళ్లో పేపర్లు పంచే బంధువు శంసుద్దీన్‌కు ఆ కట్టలు పట్టుకునే సాయం కావాల్సి వచ్చింది. ఆ పని చిన్నవాడైన కలాంకు దొరికింది. సొంతంగా సంపాదించిన గర్వం దశాబ్దాల తర్వాత కూడా తనలో మిగిలే ఉందని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు.

బండి చేతికొచ్చాక

అన్నింటికన్నా నన్ను భయపెట్టేది బండి. పని అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ వేళకు బస్సు ఉండదు, మెట్రో ఉండదు. డీసీఎంలో పాయింట్ దాకా దించుతారు. అక్కడి నుంచి ముగ్గురు కలిసి ఒక బండి మీద ఇంటికి. రోజంతా నిలబడిన కాళ్లు, నిద్రతో మూతపడే కళ్లు, లైసెన్సు లేని చేతులు. ఏ పెళ్లి ఇంటివాళ్లకీ ఆ ప్రయాణం కనిపించదు.

డెలివరీ యాప్‌లు పద్దెనిమిది నిండనివారిని చేర్చుకోవు. అయినా అన్న పేరు మీదో, పక్కింటాయన పేరు మీదో ఉన్న ఖాతాతో పదిహేడేళ్ల కుర్రాళ్లు సంచి తగిలించుకుని తిరుగుతున్నారు. ఏదైనా జరిగితే బీమా ఆ పేరున్న మనిషికే. రోడ్డు మీద పడ్డ కుర్రాడు లెక్కలోకి రాడు. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. మైనర్‌ను కాపాడటానికి పుట్టిన ఆ నియమం, అరువు ఖాతా మీద పని చేసేవాడికి అక్కరకు రాదు.

> తాళం చెవి ఇచ్చే ముందు
>
> పదహారేళ్లకు గేరు లేని, 50 సీసీకి మించని బండికే లైసెన్సు ఇస్తారు. గేరు బండికి పద్దెనిమిది నిండాలి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

దీపావళి ముందు టపాసుల దుకాణాల్లో అమ్మకానికి నిలబడే పిల్లల గురించి కూడా ఒక మాట. తక్కువ రోజుల్లో ఎక్కువ డబ్బు వస్తుందని ఎగబడతారు. నిప్పు, మందుగుండు ఉన్న చోట పద్దెనిమిది నిండనివాళ్లు ఒక్క గంట కూడా ఉండకూడదు. అక్కడ బేరం లేదు.

డాలస్‌లో మనవాళ్ల పిల్లలు

డాలస్ శివారు ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో పదహారేళ్ల పిల్లలు ఐస్‌క్రీమ్ షాపులో పని చేస్తామంటే తల్లిదండ్రులు పెద్దగా అభ్యంతరం చెప్పరు. పక్కింటి పిల్లలూ అదే చేస్తున్నారు కాబట్టి చిన్నతనం అనిపించదు. హైదరాబాద్‌లో ఉన్న తాతయ్యకు మాత్రం ఆ సంగతి చెప్పరు.

అమెరికాలో 1938 నాటి చట్టం పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు బడి ఉన్న రోజు మూడు గంటలు, బడి ఉన్న వారంలో పద్దెనిమిది గంటలు హద్దు పెట్టింది. సాయంత్రం ఏడు దాటాక పని లేదు. జూన్ మొదటి నుంచి సెప్టెంబరు తొలి సోమవారం దాకా మాత్రం రాత్రి తొమ్మిది వరకు వీలుంది. చట్టం సడలింపును బడి సెలవులతో ముడిపెట్టింది. న్యూజెర్సీలో పద్దెనిమిదిలోపు పిల్లవాడు పనిలో చేరాలంటే ముందుగా అనుమతి కాగితాలు తీసుకోవాలి. జీతం చెక్కుతో పాటు ఎంత వచ్చింది, ఏది ఎందుకు కోశారు అన్న వివరమూ అందుతుంది. పద్దెనిమిది నిండకముందే పన్నంటే ఏమిటో, గంటకు తన విలువెంతో ఆ పిల్లలకు తెలుస్తోంది.

ఇక్కడి నుంచి ఎంఎస్ కోసం వెళ్లిన మన పిల్లల సంగతి దీనికి భిన్నం. వాళ్లలో చాలామందికి జీవితంలో తొలి ఉద్యోగం అక్కడే, ఇరవై రెండేళ్ల వయసులో. యూనివర్సిటీ కేఫెటేరియాలో పళ్లేలు కడగడం, లైబ్రరీలో పుస్తకాలు సర్దడం. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి ఇరవై గంటలే. ఇంట్లో కంచం తీయని కొడుకు అక్కడ వంద కంచాలు కడిగాడని తల్లికి ఎన్నాళ్లకో తెలుస్తుంది. అక్కడ చేస్తే ఆత్మవిశ్వాసం అంటాం, అదే పని నాగోలులో చేస్తే పరువు తక్కువ అంటాం. ఈ తేడా ఆ పిల్లవాడి మనసు మీద ఎంత బరువు పెడుతుందో మనం గుర్తించాలి.

వెలుతురులో పని ఇవ్వండి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పదహారేళ్లవాడికి పని వద్దనడం వల్ల పని ఆగలేదు, రాత్రిలోకి జారిపోయింది. దాన్ని పగటిలోకి తీసుకురావాలి. వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి, ఆదివారాలు చట్టం ఒప్పుకునే రోజులే. గ్రంథాలయాల్లో పుస్తకాలు సర్దడం, రైతు బజార్లలో లెక్కలు రాయడం, ఆసుపత్రుల ఓపీలో ముసలివాళ్లకు దారి చూపడం, మునిసిపల్ పార్కుల్లో పిల్లల ఆటలు నడపడం.. ఇవన్నీ ఆరు గంటల లోపు, పగటిపూట, ప్రమాదం లేకుండా చేయగల పనులు. కాలేజీ ఒక జాబితా పెట్టి, ప్రిన్సిపల్ సంతకంతో పిల్లలను పంపితే రిజిస్టర్ దానంతటదే తయారవుతుంది. ఇలాంటి ప్రయత్నానికి కొత్త చట్టం అక్కర్లేదు. కావాల్సింది కలెక్టర్ స్థాయిలో ఒక నిర్ణయం, కాలేజీలో ఒక బాధ్యత గల లెక్చరర్.

క్యాటరింగ్‌లో కూడా మధ్యాహ్నం బంతులున్నాయి. వ్రతాలు, గృహప్రవేశాలు, పగటి ముహూర్తాలు. ఆ పూటలను పద్దెనిమిది లోపువాళ్లకు, రాత్రి రిసెప్షన్లను పెద్దవాళ్లకు ఇవ్వడం మేస్త్రీకి కష్టమేమీ కాదు. నేను మాట్లాడిన ఒక మేస్త్రీ ఇప్పటికే అలా చేస్తున్నాడు. "పొద్దుగాల పని చేసిన పిల్లలే మళ్ల వస్తరు సార్. రాత్రి చేసినోళ్లు రెండు పెండ్లిళ్లకే పారిపోతరు" అన్నాడు. అతనిది అనుభవం చెప్పిన మాట.

డబ్బు చేతికి ఇవ్వడం కన్నా ఖాతాలో వేయడం మేలు. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు మళ్లీ స్పష్టం చేసింది. ఎంత మొత్తం వరకు అన్నది ఆయా బ్యాంకుల ఇష్టం. ఖాతాలో పడ్డ కూలికి రుజువుంటుంది, తారీఖు ఉంటుంది. సాధారణంగా మైనర్ ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయంలో కలిపి పన్ను లెక్కిస్తారు. పిల్లవాడు సొంత కష్టంతోనో నైపుణ్యంతోనో సంపాదించింది మాత్రం ఆ పిల్లవాడిదే. ఆదాయపు పన్ను చట్టం ఇచ్చినపాటి గౌరవం మన ఇళ్లలోనూ దొరకాలి.

తల్లిదండ్రులు వద్దని కసురుకునే బదులు వెంట వెళ్లి చూడొచ్చు. ఎక్కడ పని, ఎవరి కింద పని, ఎన్ని గంటలకు వదులుతారు, పూటకెంత, ఎప్పుడిస్తారు అని మేస్త్రీ ముందే అడగొచ్చు. వెనక పెద్దవాళ్లున్న పిల్లవాడి కూలి ఎగ్గొట్టడానికి ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. పరీక్షలు దగ్గరపడితే పని ఆపించే అధికారం కూడా అప్పుడే చేతిలో ఉంటుంది. చాటున చేసే పనిని ఎవరూ ఆపలేరు.

ఇక పెళ్లి చేసే ఇంటివారికి. ప్లేటు ధర దగ్గర పది రూపాయలకు అరగంట బేరమాడతాం. మెనూలో ఎన్ని స్వీట్లు, ఎన్ని పచ్చళ్లు అని కాగితం మీద రాయించుకుంటాం. శ్రావణ ముహూర్తానికి హాలు మాట్లాడుకునేటప్పుడు అదే కాగితం మీద ఇంకో మూడు లైన్లు రాయించండి. రాత్రి వడ్డనకు వచ్చేవాళ్లంతా పద్దెనిమిది నిండినవాళ్లేనా? వాళ్లు మొదటి బంతికి ముందే తింటారా, ఆఖరి బంతి తర్వాతా? అర్ధరాత్రి వాళ్లను ఇళ్లకు దించే బండి ఎవరిది, దాని ఖర్చు బిల్లులో ఉందా? లేకపోతే మీరే కలపమనండి.